చూసి రాసినవాడే చూపు తిప్పుకున్నాడు: కార్ల్ షుర్జ్ జీవితం

1872 ఫిబ్రవరి 29. అమెరికా సెనేట్‌లో ఆయుధాల అమ్మకం మీద వాడివేడిగా చర్చ నడుస్తోంది. ఫ్రాన్స్‌కూ, జర్మన్ రాజ్యమైన ప్రష్యాకూ యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికా ప్రభుత్వ ఆయుధాగారాల్లోని తుపాకులు ఫ్రాన్స్‌కు ఎలా చేరాయని మిస్సోరీ సెనేటర్ కార్ల్ షుర్జ్ నిలదీస్తున్నారు. ఆయన జర్మనీలో పుట్టిన మనిషి. దాంతో చర్చ తుపాకుల మీద నుంచి ఆయన దేశభక్తి మీదికి మళ్లింది. ‘ఒప్పైనా తప్పైనా నా దేశం’ అన్న పాత మాటతో తనను భయపెట్టలేరని విస్కాన్సిన్ సెనేటర్ మాథ్యూ కార్పెంటర్‌కు షుర్జ్ జవాబిచ్చారు. ఆ మాటను ఆయన కొట్టిపారేయలేదు, దానికి ఇంకో సగం చేర్చారు. ఒప్పైనా తప్పైనా నా దేశమే. ఒప్పు దారిలో ఉంటే ఆ దారి తప్పకుండా చూసుకోవాలి, తప్పు దారి పడితే సరిదిద్దాలి.

అమెరికాలో ఇప్పటికీ జనం తలుచుకునే మాట ఇది. వలస వచ్చినవాడు కొత్త దేశం మీద ఎంత హక్కు చూపించవచ్చో ఇంత సూటిగా చెప్పినవారు అరుదు. అయితే ఆ మాట అన్న రోజుల్లోనే, ఆ దేశం చేస్తున్న అతి పెద్ద తప్పును, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్లకు జరుగుతున్న అన్యాయాన్ని, సరిదిద్దే పని నుంచి షుర్జ్ పక్కకు జరుగుతున్నారు. ఆ తప్పు తెలియనివారా అంటే కాదు. ఏడేళ్ల ముందు దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరా తిరిగి, కళ్లారా చూసి, ప్రభుత్వానికి నివేదిక రాసింది ఆయనే. విప్లవకారుడు, సైన్యాధికారి, రాయబారి, సెనేటర్, మంత్రి, సంపాదకుడు... ఇన్ని పాత్రలున్న ఈ జీవితంలో నిదానంగా చదవాల్సింది 1865 నుంచి 1872 దాకా ఉన్న ఆ ఏడేళ్లే.

షుర్జ్ 1829 మార్చి 2న కొలోన్ నగరం దగ్గర లిబ్లార్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బడిపంతులు. 1848లో యూరప్ అంతా విప్లవాలతో అట్టుడికినప్పుడు ఆయన బాన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. గాట్‌ఫ్రీడ్ కింకెల్ అనే ప్రొఫెసర్ వెంట తిరుగుతూ పత్రిక నడపడంలో చెయ్యి వేశారు, మరుసటి ఏడాది తుపాకీ పట్టారు. 1849 జులైలో విప్లవ సైన్యం చివరి స్థావరమైన రాష్టాట్ కోట ప్రష్యా సైన్యానికి లొంగిపోయింది. షుర్జ్ ప్రష్యా పౌరుడు కాబట్టి పట్టుబడితే కాల్చేస్తారన్న భయం గట్టిగానే ఉంది. కోట గోడల కింద నుంచి బయటి పొలాల్లోకి పోయే మురుగు కాలువ ఒకటి ఆయనకు గుర్తొచ్చింది. ఇద్దరు తోటివారితో అందులోకి దిగారు. మొదటి ప్రయత్నం కుదరలేదు. ప్రష్యా సైనికులు మసలుతున్న చోటే అటక మీద, తిండి లేకుండా దాక్కుని, మళ్లీ అదే కాలువలోంచి పాకి బయటపడ్డారు. రైన్ నది దాటి ఫ్రాన్స్ చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

అంతటితో ఊరుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ కింకెల్‌కు యావజ్జీవ శిక్ష పడింది. సాహిత్యం, కళా చరిత్ర చెప్పిన మనిషి చేత జైల్లో ఉన్ని వడికిస్తున్నారు. 1850లో షుర్జ్ దొంగ పేరుతో ప్రష్యాలోకి తిరిగి వెళ్లారు. నెలల తరబడి బెర్లిన్ పరిసరాల్లో ఉండి, స్పాండౌ జైల్లో బ్రూనె అనే కాపలాదారును తమ వైపు తిప్పుకున్నారు. మొదటి రాత్రి అనుకున్న తాళంచెవి దొరక్క పథకం తప్పింది. మర్నాడు, నవంబర్ 6 అర్ధరాత్రి దాటాక, కింకెల్ పైకప్పు కిటికీలోంచి తాడు పట్టుకుని వీధిలోకి జారారు. తాడు రాపిడికి పెంకులు, ఇటుక ముక్కలు గలగలా రాలాయి. అదే సమయానికి వీధిలో వెళ్తున్న గుర్రపు బండి చప్పుడులో ఆ శబ్దం కలిసిపోయింది. కింద నిలబడి ఉన్నది షుర్జ్. గురువు అరచేతులు తాడుకు చర్మం ఊడి నెత్తురోడుతున్నాయి. ఇద్దరూ బాల్టిక్ తీరం చేరి, ఓడెక్కి స్కాట్లాండ్‌లో దిగారు. యూరప్ పత్రికలన్నీ ఆ పేరు మోగించాయి.

1852లో లండన్‌లో మార్గరెటె మేయర్‌ను పెళ్లి చేసుకుని అదే ఏడాది అమెరికా చేరారు. ఇంగ్లిష్ దాదాపు రాదు. ఫిలడెల్ఫియాలో దినపత్రికను వార్తలు, సంపాదకీయం, ప్రకటనలతో సహా వదలకుండా చదివేవారు. మంచి ఇంగ్లిష్ వచనాన్ని జర్మన్‌లోకి మార్చి, మూలం పక్కన పెట్టేసి, తన జర్మన్‌ను తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి, మూలంతో పోల్చుకునేవారు. పరాయి భాషను పట్టుదలగా నేర్చుకున్న ఎవరికైనా ఆ కష్టం అర్థమవుతుంది. ఏడేళ్లలోపే ఆయన బోస్టన్‌లోని ఫేనల్ హాల్‌లో ఇంగ్లిష్‌లో ప్రసంగిస్తే సభ నిశ్శబ్దంగా వింది. మధ్యలో కుటుంబం విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌కు మారింది. అక్కడ 1856లో మార్గరెటె నడిపిన పిల్లల బడినే అమెరికాలో మొట్టమొదటి కిండర్‌గార్టెన్‌గా చెబుతారు.

1859 ఏప్రిల్‌లో జరిగిన ఆ బోస్టన్ ప్రసంగం వెనక ఒక తగువు ఉంది. పౌరసత్వం పొందిన విదేశీయులు ఓటు వేయాలంటే ఇంకో రెండేళ్లు ఆగాలని మసాచుసెట్స్ రాష్ట్రం నిబంధన తెస్తోంది. తెస్తున్నది షుర్జ్ సొంత రిపబ్లికన్ పార్టీ వాళ్లే. వాళ్ల గడ్డ మీద నిలబడి ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. బానిసత్వాన్ని తప్పంటూ, వలసవారిని రెండో తరగతి మనుషులుగా చూస్తే ఆ మొదటి మాటకు విలువేముంటుంది? మనుషులందరికీ సమాన హక్కులన్న సూత్రాన్ని ఒకచోట తగ్గిస్తే అది అన్నిచోట్లా తగ్గుతుందని ఆయన వాదన. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పౌరసత్వం, ఓటు మాటలు వచ్చినప్పుడల్లా కనిపించే టెన్షన్‌కు ఇంత పాత చరిత్ర ఉంది. నిబంధన మాత్రం ఆగలేదు, వచ్చే నెలలోనే ఆమోదం పొందింది.

లింకన్‌తో ఆయన పరిచయం 1858 అక్టోబర్‌లో, ఇల్లినాయ్‌లో రైల్లో. క్విన్సీ ఊళ్లో సెనేట్ పోటీలో ప్రత్యర్థి డగ్లస్‌తో వాదనకు వెళ్తున్న పొడుగాటి మనిషి, నలిగిపోయిన ఎత్తు టోపీ, చేతి మీద బూడిద రంగు ఉన్ని శాలువా, ఉబ్బిపోయిన నూలు గొడుగు. ఆ రూపాన్ని షుర్జ్ ముసలితనంలోనూ మర్చిపోలేదు. 1860 ఎన్నికల్లో జర్మన్ ఓటర్లున్న రాష్ట్రాలన్నీ తిరిగి లింకన్ కోసం ప్రచారం చేశారు. ప్రతిఫలంగా స్పెయిన్‌లో రాయబారి పదవి వచ్చింది. మాడ్రిడ్‌లో కూర్చుని ఆయన చేసిన అసలు పని ఒక్కటే: బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో జరుగుతున్న ఈ అంతర్యుద్ధం బానిసత్వం మీద యుద్ధమని గట్టిగా ప్రకటిస్తే తప్ప యూరప్ ప్రజలు మన వైపు నిలబడరని 1861లోనే ప్రభుత్వానికి రాయడం. ఆ తర్వాత కుర్చీలో ఉండలేక, రాజీనామా చేసి, 1862లో బ్రిగేడియర్ జనరల్‌గా యుద్ధరంగంలోకి దిగారు.

సైనికుడిగా ఆయన గొప్పవాడేమీ కాదు, కానీ చేతకానివాడన్న పేరు అన్యాయం. 1863 మే 2న వర్జీనియాలోని చాన్సలర్స్‌విల్ దగ్గర, తమ కుడి పక్క అడవిలోంచి శత్రువు వచ్చేలా ఉన్నాడని ఆయన పైఅధికారి హోవర్డ్‌ను హెచ్చరించారు. హోవర్డ్ పట్టించుకోలేదు. షుర్జ్ తన చేతిలో ఉన్నంతలో కొన్ని రెజిమెంట్లను పడమటి వైపు తిప్పి నిలబెట్టారు. సాయంత్రం దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ సుమారు 28 వేల మందితో సరిగ్గా అటు నుంచే విరుచుకుపడ్డాడు. షుర్జ్ ఉన్న సైనిక విభాగం, 11వ కోర్, చెల్లాచెదురైంది. ఆ కోర్‌లో జర్మన్లు ఎక్కువ. దాంతో పత్రికలు మొత్తం నింద జర్మన్ల మీద వేశాయి, పిరికిపందలన్నాయి. విచారణ జరిపించమని షుర్జ్ ఎంత మొత్తుకున్నా ఫలితం లేకపోయింది. పేరును బట్టి, యాసను బట్టి ఓటమిని ఒక గుంపుకు అంటగట్టడం ఎంత తేలికో ఆయన స్వయంగా అనుభవించారు.

యుద్ధం ముగిసింది, లింకన్ హత్య జరిగింది. కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దక్షిణాది పరిస్థితి చూసి రమ్మని 1865 వేసవిలో షుర్జ్‌ను పంపారు. మండే ఎండల్లో, జ్వరాల కాలంలో, శత్రు ప్రాంతంలో తిరుగుతానంటే బీమా కంపెనీ అదనపు ప్రీమియం అడిగింది. ఆ డబ్బు సెనేటర్ చార్ల్స్ సమ్నర్ మిత్రులు కట్టారు. సౌత్ కరోలినా, జార్జియా, అలబామా, మిసిసిపీ, లూజియానా... దాదాపు మూడు నెలలు తిరిగారు.

నివేదికలో ఆయన చేసిన మంచి పని, అభిప్రాయాల పక్కనే కాగితాలు పెట్టడం. సైనికాధికారుల వాంగ్మూలాలు, ఊళ్ల తీర్మానాలు, ఆస్పత్రుల్లో చూసిన మనుషులు. మాంట్‌గోమరీలో చెవులు కోసేసిన, కత్తిగాట్లతో పడి ఉన్న నల్లజాతి వాళ్లు. లూజియానాలో ఒపెలూసస్ పట్టణం 1865 జులైలో చేసిన కట్టుబాటు ఒకటి అందులో ఉంది. విముక్తి పొందిన నల్లజాతి మనిషి ఊళ్లోకి రావాలంటే పని ఇచ్చేవాడి అనుమతి కావాలి. రాత్రి 10 గంటల తర్వాత చీటీ లేకుండా వీధిలో కనిపిస్తే 5 రోజులు వీధుల్లో వెట్టి పని, లేదా 5 డాలర్ల జరిమానా. యుద్ధం ముగిసి అప్పటికి కొన్ని నెలలే.

షుర్జ్ ఇలాంటి కాగితాలన్నీ ముందు పెట్టుకుని తేల్చిన విషయం ఇది: బానిస ఇప్పుడు ఒక యజమానికి ఆస్తి కాదు, కానీ అతడిని మొత్తం సమాజానికి బానిసగా చూస్తున్నారు. పాత పద్ధతి కొనసాగించడం కుదరదు కాబట్టే తెల్లవాళ్లు విముక్తిని ఒప్పుకున్నారు, అంతకు మించి కాదు. సైన్యాన్ని వెనక్కి తీసేసి అధికారాన్ని పాతవాళ్ల చేతికిస్తే ఇంకో రూపంలో అదే తిరిగొస్తుంది. అందువల్ల నల్లజాతి పురుషులకు ఓటు హక్కు ఇవ్వడం దక్షిణాది రాష్ట్రాలు తిరిగి చేరడానికి షరతు కావాలి. ఓటు ఉన్నవాడి గోడు పాలకుడు వినక తప్పదు. ఇంత తేటగా, ఇంత ముందుగా ఈ మాట చెప్పిన ప్రభుత్వ పత్రాలు బహు కొద్ది.

జాన్సన్‌కు ఇది నచ్చలేదు. తిరిగొచ్చిన షుర్జ్‌ను చల్లగా పలకరించారు, నివేదిక అక్కర్లేదన్నట్టు మాట్లాడారు. షుర్జ్ రాసి ఇచ్చేశారు. సెనేట్ పట్టుబట్టి అడిగాక డిసెంబర్‌లో దాన్ని బయటపెట్టాల్సి వచ్చింది. దాంతో పాటే, దక్షిణాదిలో క్లుప్తంగా పర్యటించి వచ్చిన జనరల్ గ్రాంట్ రాసిన చిన్న ఉత్తరాన్నీ జతచేసి పంపారు, అంతా బాగానే ఉందన్న భావం కలిగేలా. అయినా షుర్జ్ నివేదిక లక్ష కాపీల దాకా జనంలోకి వెళ్లిందని ఆనాటి మాట. కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) దారి మార్చిన కారణాల్లో అదొకటి.

ఇక్కడి నుంచి 1872కు రావాలి. షుర్జ్ సెయింట్ లూయిస్‌లో వెస్ట్‌లిషె పోస్ట్ అనే జర్మన్ పత్రికలో భాగస్వామి అయ్యారు. అక్కడే జోసెఫ్ పులిట్జర్ అనే కుర్రాడికి విలేకరి ఉద్యోగం దొరికింది. 1869లో మిస్సోరీ నుంచి సెనేట్‌కు ఎన్నికయ్యారు. జర్మనీలో పుట్టి ఆ సభలో కూర్చున్న మొదటి మనిషి ఆయన. 1871లో నల్లజాతి వాళ్లను భయపెట్టే తెల్లవాళ్ల రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్ చేసే హత్యలు, కొరడా దెబ్బలు, ఇళ్ల దహనాలు ఆపడానికి అధ్యక్షుడికి సైన్యాన్ని దించే అధికారమిచ్చే చట్టం వచ్చినప్పుడు షుర్జ్ దాన్ని వ్యతిరేకించారు. 1872 జనవరిలో యుద్ధంలో దక్షిణాది వైపు నిలిచిన మాజీ తిరుగుబాటుదారులందరికీ క్షమాభిక్ష ఇవ్వాలని ప్రసంగించారు. అదే ఏడాది రిపబ్లికన్ పార్టీ నుంచి చీలిన లిబరల్ రిపబ్లికన్ల సిన్సినాటి సభకు అధ్యక్షత వహించారు. ఆ సభ అధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్న హోరేస్ గ్రీలీ, అప్పటికే అధ్యక్షుడైన గ్రాంట్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. 1875 జనవరిలో లూజియానా శాసనసభలోకి కేంద్ర సైనికులు అడుగు పెడితే షుర్జ్ సెనేట్‌లో మండిపడ్డారు. అదే లూజియానాలో రెండేళ్ల ముందు, 1873 ఏప్రిల్ 13న, కోల్‌ఫాక్స్‌లో తెల్లవాళ్ల సాయుధ మూక పదుల సంఖ్యలో నల్లజాతి వాళ్లను, చాలామందిని లొంగిపోయాక కూడా, చంపేసింది.

ఎందుకిలా జరిగింది? అవకాశవాదమని కొట్టిపారేస్తే పని తేలికే కానీ నిజం అంత తేలికగా లేదు. మిస్సోరీ రాజకీయం ఒక కారణం. అక్కడ మాజీ తిరుగుబాటుదారుల ఓటు హక్కు మీద ఆంక్షలు ఎత్తేయాలన్న ఉద్యమంలోంచే ఆయన బలం వచ్చింది. గ్రాంట్ పాలనలో లంచగొండితనం ఇంకో కారణం. డొమినికన్ రిపబ్లిక్‌ను కలుపుకోవాలన్న గ్రాంట్ పథకాన్ని ఎదిరించినప్పటి నుంచి ఇద్దరికీ పడేది కాదు. గ్రాంట్ చేతికి ఇంకా సైన్యం, ఇంకా అధికారం ఇవ్వడమంటే ఆయనకు ఒళ్లు మండేది.

అన్నిటికన్నా లోతైనది రాష్టాట్‌లో ఉందనిపిస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఆయన చూసిన సైన్యం ప్రష్యా రాజు సైన్యం. అది శాసనసభలను మూయించిన సైన్యం, తన తోటివారిని గోడకు నిలబెట్టి కాల్చిన సైన్యం. ప్రజలు ఎన్నుకున్న సభ గుమ్మంలో తుపాకీ కనబడితే ఆయనకు 1849 గుర్తొచ్చి ఉంటుంది. కానీ లూజియానాలో ఆ తుపాకీ వెనక్కి పోతే లోపలికి వచ్చేది ప్రజలు కాదు, ఇంకో రకం తుపాకీ. ఈ తేడా 1865లో ఆయనకు తెలుసు, తన చేత్తో రాశారు. మిసిసిపీలో పాత సైనికులతో మిలీషియా కట్టకూడదని అధ్యక్షుడికి టెలిగ్రాం ఇచ్చినవాడాయన. ఏడేళ్లలో, తన సొంత అనుభవంలోని భయం తను చూసి వచ్చిన వాళ్ల భయాన్ని మింగేసింది. చదువుకున్న, పన్నులు కట్టే, మర్యాదస్తులైన తెల్లవాళ్ల చేతికి పాలన ఇస్తే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం మిగిలింది. ఒపెలూసస్ తీర్మానం మీద సంతకాలు చేసింది కూడా మర్యాదస్తులే.

1877లో హేస్ అధ్యక్షుడయ్యాక షుర్జ్ ఇంటీరియర్ శాఖ మంత్రి అయ్యారు. మన హోంశాఖ లాంటిది కాదు అది. ప్రభుత్వ భూములు, అడవులు, ఆదివాసుల వ్యవహారాలు చూసే శాఖ. ఉద్యోగాలు సిఫార్సుల మీద కాకుండా పరీక్షల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వ అడవుల్లో కలప దొంగల మీద కేసులు పెట్టారు, ఇలాగే నరికితే కలపకు కరువొస్తుందన్నారు. కాంగ్రెస్‌లో చాలామంది నవ్వారు. అడవిని పంటలా పెంచుకుంటూ వాడుకోవడం చూసిన జర్మన్ ఆయన, ఆ విషయంలో ఆయనదే ముందుచూపు.

ఆదివాసుల విషయం వేరు. ఒప్పందంలో జరిగిన పొరపాటు వల్ల పోంకా తెగ భూమి సూ తెగకు రాసేశారు. 1877లో పోంకాలను నెబ్రాస్కా నుంచి దూరంగా దక్షిణాన, ఆదివాసులకు కేటాయించిన ఇండియన్ టెరిటరీకి తరిమారు. అక్కడి జ్వరాలకు చాలామంది చనిపోయారు. నాయకుడు స్టాండింగ్ బేర్ కొడుకు పోయాడు. ఆ పిల్లవాడిని సొంత గడ్డలో పాతిపెట్టాలని తండ్రి 1879 జనవరి చలిలో సుమారు 30 మందితో ఉత్తరానికి నడిచాడు. సైన్యం అరెస్టు చేసింది. కోర్టులో జడ్జి డండీ, చట్టం దృష్టిలో ఇండియన్ (అమెరికా ఆదివాసి) కూడా మనిషేనని తీర్పిచ్చారు. పోంకాలకు అన్యాయం జరిగిందని షుర్జ్ ఒప్పుకున్నారు. కానీ వెనక్కి పంపితే మిగతా తెగలూ అడుగుతాయని ఒప్పుకోలేదు. స్పాండౌలో గురువు కోసం ప్రాణం పణంగా పెట్టిన మనిషి, కొడుకు శవంతో నడిచిన తండ్రి ముందు పాలనా ఇబ్బందుల లెక్క చెప్పారు.

అదే 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం వసతి బడి తెరిచారు, షుర్జ్ అనుమతితోనే. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు. అమెరికన్ కావడానికి జర్మన్ భాషను వదులుకోనక్కర్లేదని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన. ఇంట్లో జర్మనే మాట్లాడేవారు. తన భాషకు ఇచ్చిన గౌరవాన్ని లకోటా తెగ పిల్లవాడి భాషకు ఇవ్వాలన్న ఆలోచన ఆయనకు తట్టినట్టే లేదు. తెలుగు పిల్లల నోట్లో తెలుగు నిలబడాలని తాపత్రయపడే ఎవరికైనా ఈ చోట మనసు కలుక్కుమంటుంది.

మంత్రి పదవి దిగాక న్యూయార్క్‌లో స్థిరపడి పత్రిక నడిపారు. పార్టీ కన్నా మనిషి ముఖ్యమంటూ 1884లో డెమొక్రాట్ క్లీవ్‌లండ్‌కు ప్రచారం చేశారు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం తర్వాత అమెరికా 2 కోట్ల డాలర్లిచ్చి ఫిలిప్పీన్స్‌ను తీసుకున్నప్పుడు, డెబ్బై ఏళ్ల వయసులో ఊరూరా తిరిగి వ్యతిరేకించారు. అడగకుండా ఒక జాతిని పాలించే గణతంత్రం గణతంత్రంగా మిగలదన్నారు. 1899 అక్టోబర్‌లో షికాగోలో పాత సెనేట్ మాటను మళ్లీ ఎత్తి పలికారు. ఆ పోరాటంలో ఆయన నిజాయితీని శంకించలేం. కానీ ఉష్ణమండల ప్రజలు స్వపరిపాలనకు పనికిరారన్న మాటా ఆ ప్రసంగాల్లోనే దొర్లింది.

1904లో, చావుకు రెండేళ్ల ముందు, ఆయన పాత ప్రశ్న దగ్గరికి తిరిగొచ్చారు. అప్పటికి దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యత పరీక్షలతో, ఓటు పన్నుతో నల్లజాతి వాళ్లను ఓటర్ల జాబితాల్లోంచి దాదాపు తుడిచేశాయి. దీన్ని ఖండిస్తూ, మళ్లీ సగం బానిసత్వం వైపు నడుస్తున్నారని హెచ్చరిస్తూ ఆయన ఒక మాసపత్రికలో వ్యాసం రాశారు. పరిష్కారం మాత్రం దక్షిణాది తెల్లవాళ్ల మనస్సాక్షికే వదిలారు.

1906 మే 14న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆత్మకథ రాస్తున్నారు. లిబ్లార్ బాల్యం, మురుగు కాలువ, స్పాండౌ తాడు, రైల్లో లింకన్, 1865 పర్యటన అన్నీ వివరంగా రాసుకొచ్చి, సెనేట్‌లో అడుగు పెట్టిన తొలి రోజుల దగ్గర కలం ఆగింది. క్లాన్ చట్టానికి ఎందుకు అడ్డుపడ్డారో ఆయన మాటల్లో చెప్పాల్సిన అధ్యాయం రాయకుండానే పోయారు. ఆ తర్వాతి భాగాన్ని ఇద్దరు చరిత్రకారులు పూర్తి చేశారు.